డ్రమ్ము విప్పి చూసే హక్కు

(మిరపకోతల సీజనుకు ముందు చిలకలూరిపేటలో జరిగిన మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరానికి రమ్మని పిలిచినప్పుడు నిర్వాహకులు "ఏ అంశం మీద మాట్లాడతారు?" అని అడిగారు. "కారు వెనక చక్రాల బ్రేక్ షూలు ఇంటి దగ్గరే మార్చుకోవడం గురించి" అన్నాను. ఫోనులో అవతలివైపు కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "అది హక్కుల కిందికి వస్తుందాండీ?" అన్నారు, మర్యాదగానే.

వస్తుందనే నా నమ్మకం. ఎందుకు వస్తుందో చెప్పడానికే వచ్చాను. పొద్దున్నించీ మీరు కనీస వేతనం గురించీ, గృహహింస చట్టం గురించీ విన్నారు. అవన్నీ కావాలి. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకి అన్నం క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కే ఆడమనిషి, సాయంత్రం ప్రాణంతో ఇల్లు చేరితేనే ఆ వేతనమైనా, ఆ చట్టమైనా అక్కరకొచ్చేది. ఆమె ప్రాణం ఆ పూట డ్రైవరు కాలి కింద ఉంటుంది. ఆ కాలి కింద ఏముందో మనలో ఎంతమందికి తెలుసు? నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు.

ముందు నా కథ చెబుతాను. మాది పర్చూరు వైపు. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచీ బాపట్ల జిల్లా. మా సంస్థకు ఒక పాత మారుతీ ఓమ్నీ వ్యాను ఉంది. మీలో చాలామంది సంస్థలకు కూడా ఉండే ఉంటుంది. 1984లో మొదలై 2019 దాకా తయారైన బండి అది. డ్రైవరుకు జీతం ఇవ్వలేని రోజుల్లో నేనే నేర్చుకుని నడపడం మొదలుపెట్టాను. నడపడం అంటే తిప్పడం, ఆపడం వరకే. బానెట్టు ఎత్తాలన్నా, చక్రం విప్పాలన్నా మెకానిక్కే. అతను ఏం చెబితే అది, ఎంత అంటే అంత. బిల్లు తీసుకోవడం, దాన్ని ఫైల్లో పెట్టుకోవడం, అంతే మా పని. లెక్కల్లో మేం చాలా ఖచ్చితం! వస్తువు బండిలో పడిందా లేదా అన్నది మాత్రం మేమెప్పుడూ చూడలేదు.

2016లో ఒకరోజు అయిదుగురు ఆడవాళ్ళను ఎక్కించుకుని గుంటూరు కోర్టుకు బయల్దేరాను. మనోవర్తి కేసులు. ఒకామె ఒళ్ళో ఏడాది పిల్ల. దారిలో కాలవ వంతెన దిగుతుంటే ఎదురుగా మిరప టిక్కీలు వేసుకుని ట్రాక్టరు వస్తోంది. బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. రెండోసారి గట్టిగా తొక్కేసరికి బండి ఆగాల్సింది పోయి కుడివైపుకు లాగేసింది. అంటే ట్రాక్టరు మీదికే. ఆ ట్రాక్టరు అబ్బాయి మార్జిన్‌లోకి దించేశాడు కాబట్టి ఈ రోజు మీ ముందు మాట్లాడుతున్నాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్ల నిద్ర కూడా లేవలేదు. నేను మాత్రం స్టీరింగు పట్టుకుని చాలాసేపు దిగలేకపోయాను.

అంతకు ఆరు నెలల ముందే వెనక బ్రేక్ షూలు ఒక సెట్టు కొత్తవి వేసినట్టు ఒక వర్క్‌షాపు నుంచి మా దగ్గర బిల్లుంది. సెట్టంటే నాలుగు. చక్రానికి రెండు. మా ఊళ్ళో పాత మెకానిక్ ఒకాయన ఉన్నారు, డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన్ని పిలిచి చక్రాలు విప్పించాం. కుడివైపు రెండు షూలూ కొత్తవే. ఎడమవైపు రెండూ ఎన్నాళ్ళ నాటివో. లైనరు అరిగిపోయి, ఇనుము డ్రమ్ముకు రాసుకుంటోంది. దానికి తోడు బ్రేకాయిలు కారి తడిసి ఉంది. కుడిచక్రం పట్టుకుంటోంది, ఎడమచక్రం పట్టుకోవడం లేదు. బండి కుడివైపుకు లాగిందంటే లాగదా మరి!

బిల్లు పట్టుకుని వర్క్‌షాపుకు వెళ్ళాం. "మీకేం తెలుసమ్మా, బండి అన్నాక అరుగుతుంది" అన్నాడు. ఆ "మీకేం తెలుసమ్మా" అన్న మాట మనకు కొత్తా? ఆసుపత్రిలో విన్నాం, బ్యాంకులో విన్నాం, పోలీసుస్టేషన్‌లో విన్నాం, పాసుపుస్తకం కోసం తిరిగినచోటల్లా విన్నాం. కానీ ఆ రోజు మా చేతిసంచిలో ఎడమచక్రం పాత షూలు రెండూ ఉన్నాయి. కుడివైపు వాటిని కూడా విప్పి తెచ్చాం. నాలుగూ బల్లమీద వరసగా పెట్టాం. ఆయన మాట్లాడటం మానేశాడు. సగం డబ్బు తిరిగి ఇచ్చాడు. మొత్తం ఇవ్వలేదు, క్షమాపణా చెప్పలేదు. అయినా నాకు ఒక సంగతి బోధపడింది. కాగితం పట్టుకుని అడిగితే రాని జవాబు వస్తువు పట్టుకుని అడిగితే వచ్చింది.

అప్పుడు పెద్దాయనను, "బాబాయ్, ఇది నాకు నేర్పిస్తావా?" అని అడిగాను. "పంతులమ్మా, దీంట్లో బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. మీకది ఉందిగా" అన్నాడు.

ఇక పనిలోకి వస్తాను. డ్రమ్ము బ్రేకు అంటే ఏమిటో ముందు చూద్దాం. చక్రంతోపాటు తిరిగే ఇనప గిన్నె లాంటిది డ్రమ్ము. దాని లోపల తిరగకుండా నిలబడి ఉండేవి రెండు షూలు, నెలవంకల్లాగా. వాటి వీపుమీద అతికించిన దళసరి పట్టీయే లైనరు. మనం పెడల్ తొక్కితే గొట్టాల్లో ఉన్న బ్రేకాయిలు చక్రం దగ్గరున్న చిన్న సిలిండరును నెడుతుంది. సిలిండరు రెండు షూలనూ బయటికి నెడుతుంది. లైనరు డ్రమ్ముకు ఒరుసుకుంటుంది, చక్రం ఆగుతుంది. కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి. ఇంతే. రోట్లో పొత్రం తిప్పిన చేతులకు ఇది అర్థం కాని యంత్రమేమీ కాదు.

బ్రేక్ షూ అంటే మా ఊళ్ళో ఒక ముసలమ్మ, "బండికి బూట్లు కూడానా! మాకు చెప్పులకే గతి లేదు" అంది. అందరం నవ్వాం. కానీ ఆమె మాటలో చరిత్ర ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారు బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం అంతవరకూ ఎవరూ మోటారు బండి మీద పోలేదు. దారిలో ఏటవాలు దిగుళ్ళకు చెక్క బ్రేకులు అరిగిపోయాయి. ఆవిడ ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి, బ్రేకు దిమ్మెలకు తోలు కొట్టించుకుంది. ఈ రోజు మనం లైనరు అంటున్నదానికి మొదలు అదే. దారిలో ప్రాణం మీదికి వచ్చిన ఒక ఆడమనిషి ఆలోచనా, ఒక చెప్పులు కుట్టేవాడి చేతిపనీ కలిసి దాన్ని పుట్టించాయి. అలాంటి వస్తువు గురించి "మీకేం తెలుసమ్మా" అనిపించుకుంటున్నాం మనం.

ఇప్పుడు పని. మా ఓమ్నీ పద్ధతి చెబుతాను. బండిని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి. మొదటిసారి తెలిసిన మనిషిని పక్కన పెట్టుకునే చేయండి. పుస్తకం చూసి ఒంటరిగా బ్రేకు విప్పమని నేను ఎవరికీ చెప్పను.

మొట్టమొదటిది, బండి మీద పడకుండా చూసుకోవడం. చదును నేల కావాలి. మన నల్లరేగడి పెరట్లో వాన తర్వాత జాకీ పెడితే దిగబడిపోతుంది. గట్టి నేల లేదంటే దళసరి చెక్క వేయండి. వెనక బ్రేకులు విప్పుతున్నాం కాబట్టి హ్యాండ్ బ్రేకు వదిలేయాలి, ఎందుకంటే అది పట్టుకునేది కూడా ఈ షూలనే. అందుకని ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టండి, గేరు వేసి ఉంచండి. ఒక్క వెనక చక్రం పైకి లేచినా ఆ గేరు పట్టు పోతుంది కాబట్టి ఆ రాళ్ళే మీకు ఆధారం. చక్రం నట్లు బండి నేలమీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. ఎత్తాక ఇరుసు కింద స్టాండు పెట్టండి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. స్టాండు బదులు సిమెంటు ఇటుకలు పేర్చవద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి పడుకోబెట్టండి. ఏదన్నా జారినా బండి దానిమీద ఆగుతుంది.

రెండోది దుమ్ము. ఇది జాగ్రత్తగా వినండి. డ్రమ్ము తీయగానే లోపల నల్లటి బూడిద కనిపిస్తుంది. దాన్ని నోటితో ఊదకండి, గాలి పైపుతో కొట్టకండి, చీపురుతో దులపకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. మన దేశంలో దాని వాడకం మీద పూర్తి నిషేధం ఇంకా లేదు. ఆ నార పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. జబ్బు బయటపడటానికి పాతిక ముప్ఫై ఏళ్ళు పట్టవచ్చు. సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులోనే, కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. అయినా షెడ్లలో పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు గాలి పైపుతో ఆ బూడిద కొట్టుకుంటూ కనిపిస్తూనే ఉన్నారు. మనమైతే ముక్కుకు తడిగుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకుని, నీళ్ళు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారేయాలి.

మూడోది విప్పడం. డ్రమ్ము చాలాసార్లు తుప్పుకు అతుక్కుపోతుంది. బాదకండి. దానిమీద రెండు మర కన్నాలుంటాయి, వాటిలో సరిపడే బోల్టులు వేసి అటొక చుట్టూ ఇటొక చుట్టూ బిగిస్తే డ్రమ్ము తనే బయటికి వస్తుంది. వచ్చాక ఏమీ ముట్టుకోకుండా ఫోనుతో ఫోటో తీసుకోండి. ఏ స్ప్రింగు ఏ కన్నంలో ఉంది, పొడుగుది ఎటు, పొట్టిది ఎటు, అంతా.

ఇంకో ముఖ్యమైన సంగతి. రెండు పక్కలా ఒకేసారి విప్పకండి. ఒకటి పూర్తయ్యాకే రెండోది. నేను మొదటిసారి ఉత్సాహం కొద్దీ రెండు డ్రమ్ములూ తీసేశాను. స్ప్రింగులన్నీ ఒకే పళ్ళెంలో పడ్డాయి. వేపచెట్టు కింద పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే, దీపాలు పెట్టేవేళకు కూడా ఏది ఎక్కడిదో తేలలేదు. గోడమీంచి చూసేవాళ్ళకు మంచి కాలక్షేపం అయింది. "వదినా, అప్పడాల పిండి కలిసినట్టుందే!" అన్నారు పక్కింటాయన. ఒక పక్క అలాగే ఉంచుకుంటే చూసి వేసుకోవడానికి నమూనా ఉండేది. మర్నాడు పెద్దాయన వచ్చి చిక్కు విప్పాడు.

షూలు తీసేటప్పుడు స్ప్రింగులు ఎగిరి కళ్ళలో పడతాయి, కళ్ళజోడు పెట్టుకోండి. కొంగు నడుముకు దోపుకోవడం కాదు, ఆ పూటకు పంజాబీ డ్రెస్సు మేలు. డ్రమ్ము తీసి ఉండగా పెడల్ ఎవ్వరూ తొక్కకూడదు. తొక్కితే సిలిండరులో పిస్టన్లు బయటికి దూకేస్తాయి. అందుకని పిల్లల్ని బండి ఎక్కనివ్వకండి. సిలిండరు రబ్బరు తొడుగు కొంచెం ఎత్తి చూడండి. లోపల తడిగా ఉందంటే ఆయిలు కారుతోందన్నమాట. అలాంటప్పుడు కొత్త షూలు వేసి ప్రయోజనం లేదు, రెండు రోజుల్లో అవీ నానిపోతాయి. ముందు సిలిండరు సంగతి చూడాలి, అది మెకానిక్ పని. డ్రమ్ము లోపల వేలితో తడిమి చూడండి. లోతుగా గీతలు పడితే లేతు పట్టించాలి, అంతకు మించి అరిగితే మార్చాలి. ఎంతవరకూ అరగవచ్చో ఆ కొలత చాలా డ్రమ్ముల మీదే పోతపోసి ఉంటుంది.

నాలుగోది బిగించడం. షూలు ఎప్పుడూ నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒక పక్కవి మారిస్తే ఏమవుతుందో కాలవ వంతెన మీద చూశాను. షూ అంచులు వెనక రేకుకు ఒరుసుకునే చోట మాత్రం గోటితో అద్దినంత గ్రీజు పెట్టండి. లైనరుకు గ్రీజు, ఆయిలు, చివరికి జిడ్డు చేతులు కూడా తగలకూడదు. హ్యాండ్ బ్రేకు తీగ తగిలే చిన్న మీట ఒక షూకే ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. డ్రమ్ము పెట్టి చేత్తో తిప్పితే సన్నగా ఒరుసుకుంటూ తిరగాలి. మరీ తేలిగ్గా తిరిగితే పెడల్ కిందికి పోతుంది, మరీ బిగిస్తే డ్రమ్ము కాలిపోతుంది. ఆ సర్దుబాటు కొన్ని బండ్లలో దానంతటదే అవుతుంది, కొన్నిట్లో పళ్ళచక్రం తిప్పాలి.

చివరిది పరీక్ష. బండి కదిలించే ముందే పెడల్ పదిసార్లు తొక్కి, గట్టిపడిందో లేదో చూడండి. హ్యాండ్ బ్రేకు లాగి బండిని నెట్టి చూడండి. తర్వాత ఖాళీగా, ఒంటరిగా, నడక వేగంతో ఊరి బయట ఆపి చూడండి. కొత్త లైనరు డ్రమ్ముకు కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది, ఆ కొన్నాళ్ళూ మెల్లగా వెళ్ళండి. ఆ పరీక్ష అయ్యేదాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించకండి. ఏమాత్రం అనుమానం ఉన్నా మెకానిక్‌కు చూపించండి. నేర్చుకున్నామన్న పట్టుదలతో ప్రాణాలు పణం పెట్టవద్దు.

ఇంతవరకూ సంస్థ బండి సంగతి. కానీ ఓమ్నీ ఉన్నది మనలో కొద్దిమందికి. మన మధ్య ఎక్కువమంది ఎక్కేది ఆటోలు, ట్రాక్టరు ట్రక్కులు. పత్తితీతల నుంచి మిరపకోతల చివరిదాకా, దసరా నుంచి ఎండాకాలం వరకూ, ఈ మైదానంలో తెల్లారకముందే రోడ్డుమీద కనిపించేది మన ఆడవాళ్ళే. ఎక్కువమంది దళితులు, బీసీలు, గిరిజనులు. ముగ్గురు కూర్చునే ఆటోలో పదహారు మంది. బరువు పెరిగేకొద్దీ బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. చాలా ట్రక్కులకైతే అసలు బ్రేకులే ఉండవు, ముందున్న ట్రాక్టరు ఆగితే అది ఆగాలి.

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్లలో, మిరపకాయలు కోసి ఇళ్ళకు వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుని తొమ్మిదిమంది చనిపోయారు. 2023 మేలో దాచేపల్లి దగ్గర పొందుగులలో, నల్గొండ జిల్లా నుంచి కూలికి వస్తున్న ఆడవాళ్ళ ఆటోకు లారీ తగిలి కనీసం అయిదుగురు పోయారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టరు తిరగబడి నలుగురు ఆడకూలీలు పోయారు. అదే నెలలో గుంటూరు దగ్గర నారాకోడూరు దారిలో ఆటోను బస్సు గుద్ది ముగ్గురు పోయారు. ఇవన్నీ బ్రేకుల వల్లే జరిగాయని నేను అనడం లేదు. ఒక్కొక్కదానికి ఒక్కో కారణం ఉంటుంది. నేను చెప్పేదల్లా ఒక్కటే: ఆ బండ్లు ఎక్కిన ఆడవాళ్ళలో ఎవరికీ, ఆ బండిని గురించి ఒక్క ప్రశ్న అడిగే వీలు లేదు.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 190 చదవండి. ప్రమాదం తెచ్చే లోపమున్న బండిని నడిపినవాడే కాదు, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ నేరస్థులే. ఆ లోపం వాడికి తెలిసి ఉండనక్కరలేదు. మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదైతే చాలు. ట్రక్కుకు కూడా ఇది వర్తిస్తుంది. కిరాయి బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలని సెక్షన్ 56 చెబుతోంది. పర్మిట్టుకు మించి ఎక్కించిన ఒక్కో మనిషికీ 200 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది.

ఇంకొకటి మన ఆడవాళ్ళకు తప్పక చెప్పాలి. సరుకు బండిలో మనుషులు ఎక్కి చనిపోతే భీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు భారం బండి ఓనరు మీద పడుతుంది. ఓనరు దగ్గరా లేకపోతే చేతికొచ్చేది తీర్పు కాగితమే. అంటే ట్రక్కు ఎక్కడమంటే, ప్రాణానికీ భరోసా లేదు, ప్రాణం పోయాక పిల్లలకూ భరోసా లేదు. ఇది తెలిసి ఎక్కడం వేరు, తెలియక ఎక్కడం వేరు.

మా ఓమ్నీ పని చూసిన కూలి ఆడవాళ్ళే ఒకరోజు, "మా ఆటో బ్రేకు కొడితే కీచుమంటోంది, చూస్తావా అక్కా?" అని అడిగారు. "నేను విప్పను" అన్నాను. మన బండికి మనం చేసుకోవచ్చు. కిరాయికి జనాన్ని ఎక్కించే బండిని బాగుచేయాల్సింది ఓనరు. ఆ పని మన నెత్తిన వేసుకుంటే, రేపు ఏదన్నా జరిగితే తప్పు కూడా మన నెత్తినే పడుతుంది. "విప్పి చూపించమని మీరు అడగండి. ఏం చూడాలో నేను చెబుతాను" అన్నాను.

అడిగారు. ఆ డ్రైవరు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. "ఫైనాన్సు కిస్తీ కట్టమంటావా, షూలు మార్చమంటావా అత్తా?" అన్నాడు. అతనిదీ అబద్ధం కాదు. ఎక్కువమందిని ఎక్కిస్తేనే కిస్తీ వెళ్ళేది. ముఠా మేస్త్రి తన కమిషను తీసుకోగా మిగిలిందే అతనికి. చివరికి పదహారు మందీ చుట్టూ నిలబడితే ఒక చక్రం విప్పాడు. లైనరు గోరంత మిగిలి ఉంది. మార్చేదాకా ఎక్కమన్నారు వీళ్ళు. మేస్త్రి వేరే ఊరి ఆటో తెచ్చాడు. ఏడుగురు అది ఎక్కి వెళ్ళారు. వాళ్ళను నేను తప్పు పట్టను, ఇళ్ళల్లో బియ్యం లేని రోజులు. తొమ్మిదిమంది రెండు రోజులు కూలి పోగొట్టుకున్నారు. మూడోరోజు, చేలో కాయ పండి రాలిపోతోందని రైతే దిగొచ్చి డ్రైవరుకు అడ్వాన్సు ఇచ్చాడు. షూలు పడ్డాయి. ఆటోలో జనం పదహారు నుంచి పదకొండుకు తగ్గారు. పదకొండు కూడా ఎక్కువే. ఆ రెండు రోజుల కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. దీన్ని విజయమని నేను చెప్పను. కానీ ఆ తర్వాత ఆ ఊళ్ళో సీజను మొదట్లో డ్రైవర్లే వచ్చి, "అత్తా, చూసుకోండి" అని చక్రం విప్పుతున్నారు.

అందుకని ఈ సీజనుకు మీ ఊళ్ళలో మీరు చేయగలిగినవి చెబుతాను. ఖర్చు మనది కాదు, చూసే హక్కు మనది. బండి కుదుర్చుకునే రోజే, కోతలు మొదలవకముందే అడగండి. ఆ రోజు అయితే అవసరం వాళ్ళది, కోతల మధ్యలో అయితే అవసరం మనది. ఫిట్‌నెస్ కాగితం తేదీ చదవండి, చదవలేనివాళ్ళు ఫోటో తీసి మీకు పంపమనండి. చక్రం విప్పి లైనరు చూపించమనండి. చక్రం లోపలివైపు ఆయిలు కారిన మరక ఉందేమో వంగి చూడండి. ఎక్కేముందు డ్రైవరును ఒకసారి పెడల్ తొక్కి చూపమనండి. తొక్కిన కొద్దీ దిగిపోతే ఎక్కవద్దు. కాలవ నీళ్ళలోంచి బండి వచ్చిన తర్వాత తడిసిన బ్రేకు సరిగా పట్టదు, కొంతదూరం మెల్లగా పోనివ్వమనండి. ఇవన్నీ ఒక్కరు అడిగితే పొగరంటారు, మర్నాడు ఆమెను ముఠాలోంచి తీసేస్తారు. అందరూ కలిసి అడగండి.

చట్టం చెప్పిన ఆ "మామూలు జాగ్రత్త" అన్న మాట నాకు చాలా ఇష్టం. దానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. బియ్యంలో రాళ్ళు ఏరిన చూపు, కుండ మోగించి కొన్న చెయ్యి చాలు. ఇన్నాళ్ళూ ఆ చూపును బండి దగ్గరికి రానివ్వలేదు, అంతే.

వచ్చే ఆదివారం మా పెరట్లో ఓమ్నీ వెనక చక్రాలు మళ్ళీ విప్పుతున్నాం. వచ్చేవాళ్ళు రండి. ఒక మాస్కూ, తుడుచుకోవడానికి పాత చీర ముక్కా తెచ్చుకోండి. ఈసారి ఒక్కొక్క పక్కే విప్పుతాను.

సెలవు.